ఇంట్లో పెద్దవాళ్ల బ్రౌజర్ మార్చడం ఎలా: వాళ్లకు కంగారు లేకుండా, మీకు విసుగు రాకుండా

కొత్త బ్రౌజర్ వేసిచ్చి మీ దారిన మీరు వచ్చేస్తే, వారం తిరిగేసరికి పెద్దవాళ్లు మళ్లీ పాత ఐకాన్ మీదే నొక్కుతుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు తెలిసిందల్లా తెర మీద ఫలానా మూలన ఉండే ఒక బొమ్మ, అది నొక్కితే వచ్చే వార్తల పేజీ, మెయిలు, బ్యాంకు. బ్రౌజర్ అనేది వేరే వస్తువని, దాన్ని మార్చుకోవచ్చని చాలామంది ఎప్పుడూ అనుకోరు కూడా. చేతికి అలవాటైన ఆ దారి చెడకుండా మార్చగలిగితేనే మార్పు నిలబడుతుంది. అందుకే ఇన్‌స్టాల్ చేయడానికి ముందూ తర్వాతా చేయాల్సిన పనే ఎక్కువ. ఒక మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ పెట్టుకుని కూర్చోండి.

ముందు, మార్చాల్సిన అవసరం ఉందా?

అన్నిచోట్లా ఉండదు. వాళ్లు వాడుతున్న బ్రౌజర్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయా అన్నది మొదట చూడాల్సిన సంగతి. మెనూలో హెల్ప్, అందులో అబౌట్ తెరిస్తే వెర్షన్ కనిపిస్తుంది, అప్‌డేట్ ఉంటే అక్కడే మొదలవుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సపోర్ట్ ఆపేసింది. విండోస్ 7, 8 ఉన్న పాత కంప్యూటర్లలో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన వెర్షన్లు వాటిలో ఎక్కవు. అలాంటి కంప్యూటర్‌లో క్రోమ్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పేజీలు తెరుచుకుంటాయి, కానీ ఆ తర్వాత బయటపడిన లోపాలన్నీ అందులో అలాగే ఉంటాయి. ఆ పరిస్థితిలో బ్రౌజర్ ఒక్కటే మార్చినా సగం పనే అవుతుంది. విండోస్ సంగతి కూడా తేల్చుకోవాలి. విండోస్ 10కి సైతం మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇక ఫోన్లలో ఎవరో చెబితే వేసుకున్న "వేగంగా తెరుచుకునే" బ్రౌజర్లు ఉంటాయి. అవి ఏం పంపుతున్నాయో, ఎవరికి పంపుతున్నాయో పైకి తెలియదు. ఒకప్పుడు కోట్లమంది వాడిన యూసీ బ్రౌజర్‌నే తీసుకోండి. వాడేవాళ్లు ఏం వెతుకుతున్నారో, ఎక్కడున్నారో లాంటి వివరాలను అది సరైన ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే దారిలో ఇతరులు చదవగలిగేలా పంపుతోందని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2015లో బయటపెట్టింది. పేరు తెలియని బ్రౌజర్ ఫోన్‌లో కనిపిస్తే మార్చేయడమే మంచిది.

మూడో రకమే అన్నిటికన్నా ఎక్కువ కనిపిస్తుంది. బ్రౌజర్ మంచిదే, అప్‌డేట్ కూడా అయ్యే ఉంటుంది. కానీ లోపల చెత్త పేరుకుపోయి ఉంటుంది: ఎవరూ కావాలని వేసుకోని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు), మారిపోయిన సెర్చ్ పేజీ, మూలన ఆగకుండా వచ్చే "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" నోటిఫికేషన్లు. ఇక్కడ మార్చకుండా శుభ్రం చేసినా సరిపోతుంది. ఆ మనిషి కొత్తదానికి అలవాటు పడటం కష్టం అనిపిస్తే నేనైతే శుభ్రం చేసి వదిలేయమనే చెబుతాను.

అయినా కంప్యూటర్‌లో మార్చమని చెప్పడానికి ఒక గట్టి కారణం ఉంది: ప్రకటనలు. పెద్దవాళ్లు మోసపోయేది ఎక్కువగా ఏదో మారుమూల సైట్‌లో కాదు, సెర్చ్ ఫలితాల్లో అన్నిటికంటే పైన కనిపించే ప్రకటన దగ్గర. బ్యాంకు పేరు, ఏదో కంపెనీ కస్టమర్ కేర్ అని కొడితే పైన వచ్చేది నకిలీ నంబరు కావచ్చు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ సెర్చ్ ప్రకటనల ముసుగులో జరిగే మోసాల గురించి ప్రజలకు హెచ్చరిక ఇస్తూ, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్, అంటే ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని సూచించింది. ఒక దర్యాప్తు సంస్థే ఆ మాట అనాల్సి వచ్చిందంటే విషయం ఎంతవరకు వచ్చిందో ఆలోచించండి. మంచి యాడ్ బ్లాకర్ ఉంటే ఆ ప్రకటన వాళ్ల కంటపడదు. కంటపడని దాని మీద ఎవరూ నొక్కరు. జాగ్రత్తలు ఎన్ని చెప్పినా దీనికి సాటి రావు.

ఏ బ్రౌజర్?

కంప్యూటర్‌లో అయితే నా మాట ఫైర్‌ఫాక్స్, దానికి తోడు యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్. కారణం సూటిగా చెబుతాను. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది, దాన్ని మానిఫెస్ట్ వీ3 అంటారు. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం క్రోమ్‌లో పనిచేయడం ఆగిపోయింది. అక్కడ ఇప్పుడు దొరికేది "లైట్" రూపం. అసలేమీ లేకపోవడం కన్నా అదెంతో నయమే కానీ, పూర్తి రూపానికున్న శక్తి దానికి లేదు. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పూర్తిదే నడుస్తోంది.

క్రోమ్‌లాగే కనిపించాలి, ఎక్స్‌టెన్షన్ల గొడవ వద్దు అంటే బ్రేవ్ చూడండి. ప్రకటనలను ఆపే పని అందులోనే ఉంటుంది. కాకపోతే రివార్డ్స్, వాలెట్ అంటూ క్రిప్టో సంబంధమైన బటన్లు కూడా ఉంటాయి. వాటిని మీరే సెట్టింగ్స్‌లో దాచేసి ఇవ్వాలి, లేదంటే "ఇందులో డబ్బులొస్తాయట కదా" అని ఫోన్ వస్తుంది.

ఐఫోన్ ఉన్నవాళ్లకు సఫారీని మార్చాల్సిన పని లేదు. మన దేశంలో ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసినా లోపల పేజీలను తెరిచి చూపించే ఇంజను ఆపిల్‌దే. ఉన్నదాన్ని అప్‌డేట్‌గా ఉంచితే చాలు.

అడగకుండా చేయొద్దు

వాళ్లు నిద్రపోతున్నప్పుడు మార్చేసి పెట్టడం, "నీకు తెలీదులే" అని లాక్కుని చేసేయడం, రెండూ పనికిరావు. పొద్దున లేచి తెరవగానే తమ కంప్యూటర్ తమది కానట్టు కనిపిస్తే వాళ్లకు మొదట వచ్చే ఆలోచన హ్యాక్ అయిందనే. పైగా రేపు ఎవడో మోసగాడు ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో మార్పులు చేస్తాం" అన్నా, అలా చేయడం మామూలే అన్న అలవాటు మనమే నేర్పినట్టవుతుంది. వాళ్ల వస్తువులో ఏం మార్చాలన్నా ముందు వాళ్లను అడగాలన్న సంగతి మన దగ్గరే మొదలవ్వాలి.

ఒప్పించడానికి భద్రత గురించి ఉపన్యాసం ఇవ్వకండి. వాళ్లను విసిగిస్తున్నదేమిటో దాని గురించి మాట్లాడండి.

"పెద్దమ్మా, వార్తలు చదువుతుంటే మధ్యలో వీడియోలు వాటంతటవే మోగుతున్నాయన్నావు కదా. అవి రాకుండా చేయొచ్చు. కాకపోతే ఐకాన్ మారుతుంది. నీ పేజీలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. చేయనా?"

"పాతది తీసేస్తావా?"

"తియ్యను. నెలరోజులు చూడు, నచ్చకపోతే మళ్లీ దాంట్లోకే పోదాం."

ఈ చివరి మాట ముఖ్యం, దాన్ని నిలబెట్టుకోవాలి కూడా. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది.

పక్కన కూర్చుని చూడండి

ఈ పని ఎవరూ చేయరు. అందుకే చాలా మార్పులు విఫలమవుతాయి. ఏదీ ముట్టుకోకముందు, రోజూ ఏం చేస్తారో అది మీ ముందు చేసి చూపించమనండి. మౌస్ అందుకోవద్దు, "అలా కాదు ఇలా" అనొద్దు.

చూస్తే చాలా తెలుస్తుంది. ఒకరు బ్యాంకు సైట్‌కి వెళ్లడానికి బుక్‌మార్క్ వాడరు. అడ్రస్ బార్‌లో మొదటి రెండు అక్షరాలు కొడతారు, మిగతాది బ్రౌజరే పూరిస్తుంది, ఎంటర్ నొక్కుతారు. ఆ పూరించేది పాత హిస్టరీని చూసి. కొత్త బ్రౌజర్‌లోకి హిస్టరీ తేకపోతే, అవే రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే సెర్చ్ ఫలితాలు వస్తాయి. మీరు తప్పించాలనుకున్న ప్రకటన సరిగ్గా అక్కడే ఉంటుంది! ఇంకొకరు ఏ ట్యాబూ మూయరు. మెయిలు ఎప్పుడూ ఎడమ నుంచి మూడో ట్యాబ్‌లో ఉంటుంది, వాళ్లకు అదే మెయిలు అడ్రస్. మరొకరు హోమ్ పేజీలో కనిపించే ఎనిమిది చిన్న బొమ్మల్లో ఒకదాని మీద నొక్కుతారు. అక్షరాలు ఎంత పెద్దవిగా పెట్టుకున్నారు, భాష తెలుగా ఇంగ్లీషా, పాస్‌వర్డ్ బ్రౌజర్ నింపుతోందా లేక నోటుబుక్కులో చూసి కొడుతున్నారా, ఇవన్నీ గమనించి కాగితం మీద రాసుకోండి. తర్వాత మీరు చేయాల్సిన పని జాబితా అదే.

నోటుబుక్కులో పాస్‌వర్డ్‌లు రాసుకున్నారని కోప్పడకండి. ఇంట్లో బీరువాలో ఉండే పుస్తకాన్ని ఇంటర్నెట్‌లోని దొంగ చదవలేడు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కన్నా అది చాలా మేలు.

పాస్‌వర్డ్‌లు ముందు, ఇన్‌స్టాల్ తర్వాత

కొత్త బ్రౌజర్‌లోకి వెళ్లగానే అన్ని సైట్లూ మళ్లీ లాగిన్ అడుగుతాయి. ఏళ్ల తరబడి లాగిన్ అయ్యే ఉన్న మెయిలుకు పాస్‌వర్డ్ ఏమిటో వాళ్లకు గుర్తుండదు. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉండొచ్చు. కాబట్టి పాత బ్రౌజర్‌లో ఇంకా లాగిన్ అయి ఉండగానే మెయిలు అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రికవరీ నంబరు సరిచూడండి, పాస్‌వర్డ్ గుర్తులేకపోతే అప్పుడే మార్చి వాళ్లచేతే పుస్తకంలో రాయించండి. మిగతా అన్ని సైట్ల పాస్‌వర్డ్‌లూ మర్చిపోయినా మెయిలు చేతిలో ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు. ఓటీపీలు వస్తాయి కాబట్టి వాళ్ల ఫోన్ చార్జింగ్‌తో పక్కనే ఉండాలి. ఇదంతా అయ్యాకే ఇన్‌స్టాల్ జోలికి వెళ్లండి.

ఇన్‌స్టాల్, ఇంపోర్ట్

సెర్చ్‌లో "ఫైర్‌ఫాక్స్ డౌన్‌లోడ్" అని వెతికి పైన వచ్చినది నొక్కొద్దు. అడ్రస్ బార్‌లో మొజిల్లా డాట్ ఆర్గ్ అని ఇంగ్లీషులో మీరే టైప్ చేయండి, లేదా విండోస్‌లోని మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తీసుకోండి. ఫోన్లో అయితే ప్లే స్టోర్ నుంచే.

తెరిచాక సెట్టింగ్స్‌లో జనరల్ భాగంలో "ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా" ఉంటుంది. బుక్‌మార్క్‌లు, హిస్టరీ రెండూ తప్పకుండా తెచ్చుకోండి. హిస్టరీ ఎందుకో పైన చెప్పాను. సెట్టింగ్స్‌లో ఏది దొరక్కపోయినా పైనున్న వెతుకు పెట్టెలో పేరు కొడితే వస్తుంది.

పాస్‌వర్డ్‌ల దగ్గర ఒక చిక్కుంది. 2024 నుంచి విండోస్‌లో క్రోమ్ తన రహస్యాలను వేరే ప్రోగ్రాములు చదవకుండా అదనపు తాళం వేస్తోంది. మంచిదే, కానీ అందువల్ల పాస్‌వర్డ్‌లు నేరుగా రాకపోవచ్చు. అప్పుడు క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లోంచి వాటిని సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కల మెనూ నుంచి ఆ ఫైలును ఇంపోర్ట్ చేయాలి. ఆ సీఎస్‌వీ ఫైలులో అన్ని పాస్‌వర్డ్‌లూ మామూలు అక్షరాల్లో, ఎవరైనా చదివేలా ఉంటాయి. పని అవగానే దాన్ని తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. దాన్ని మెయిల్లో పంపుకోవడం, పెన్‌డ్రైవ్‌లో దాచడం వద్దే వద్దు. వాళ్లు వాడే సైట్లు నాలుగైదే అయితే ఈ తతంగమే అక్కర్లేదు, ఒక్కో సైట్‌లో వాళ్లచేతే లాగిన్ చేయించి "సేవ్" నొక్కించండి. నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఆ "సేవ్ చేయాలా" అనే పెట్టె మళ్లీ ఎప్పుడైనా వస్తే బెదిరిపోరు.

పాత ముఖం కొత్తదానికి

ఇప్పుడు మీరు రాసుకున్న కాగితం తీయండి.

అక్షరాల సైజు మొదట. ఫైర్‌ఫాక్స్ జనరల్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ జూమ్ ఉంటుంది. 120 లేదా 133 శాతం పెట్టి, వాళ్లు మామూలుగా కూర్చునే దూరం నుంచి చదివించండి. మీ కళ్లతో నిర్ణయించొద్దు.

కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే బుక్‌మార్క్‌ల వరుస పైన కనిపిస్తుంది. వాళ్లు రోజూ వెళ్లే సైట్లనే అందులో ఉంచి, పేర్లు వాళ్లు పిలిచేలా తెలుగులో మార్చండి: "మెయిలు", "బ్యాంకు", "పేపరు", "కరెంటు బిల్లు". బ్యాంకు, బిల్లుల అడ్రస్‌లు మాత్రం అసలువేనని మీరు ఒక్కో అక్షరం సరిచూసి పెట్టండి. "బ్యాంకు పని ఉంటే ఎప్పుడూ ఇదే నొక్కు, గూగుల్లో వెతకొద్దు" అని చెప్పడానికి ఆ వరుస పనికొస్తుంది. మొత్తం పనిలో నాకు బాగా విలువైనదిగా అనిపించే అడుగు ఇదే.

ట్యాబులు ఎప్పుడూ మూయని వాళ్లకు "ఓపెన్ ప్రీవియస్ విండోస్ అండ్ ట్యాబ్స్" ఆన్ చేసి, అవే పేజీలను అదే వరుసలో తెరిచి పెట్టండి. మూడో ట్యాబ్‌లో మెయిలు ఉండేదంటే మూడో ట్యాబ్‌లోనే ఉండాలి.

ఐకాన్ విషయం. పాతది ఎక్కడ ఉండేదో కొత్తది సరిగ్గా అక్కడే పెట్టండి. కింది టాస్క్‌బార్ నుంచి పాతదాన్ని అన్‌పిన్ చేయండి, కంప్యూటర్ నుంచి తీసేయకండి. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ పేరును "ఇంటర్నెట్" అని మార్చొచ్చు. కొందరు కొత్త బ్రౌజర్‌కి పాతదాని బొమ్మే తగిలించి పెడతారు. అలా చేయొద్దని నా అభిప్రాయం. రేపు ఫోన్‌లో "నారింజ రంగు నక్క బొమ్మ కనిపిస్తోందా?" అని మీరు అడగాలి, వాళ్లు కనిపిస్తోందని చెప్పాలి. బొమ్మ విషయంలో వాళ్లను ఏమార్చితే ఆ సంభాషణ జరగదు.

డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మెయిల్లో లింకు నొక్కిన ప్రతిసారీ పాతదే తెరుచుకుంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్. ఇలా పెట్టినా విండోస్ టాస్క్‌బార్‌లోని వెతుకు పెట్టెలో కొట్టినవి చాలా చోట్ల మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి. ఆ అలవాటున్న వాళ్లయితే ఆ పెట్టెను దాచేయండి.

మెనూలు తెలుగులో కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోవచ్చు. అలా పెడితే మీ దగ్గర కూడా ఒకసారి తెలుగులో పెట్టుకుని చూసి ఉంచుకోండి. ఫోన్‌లో సాయం చేసేటప్పుడు ఇద్దరికీ ఒకే మాటలు కనిపించాలి కదా.

తలుపులు మూయడం

యూబ్లాక్ ఆరిజిన్‌ను ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్స్ పేజీ నుంచే వేయండి. పేరు పూర్తిగా చూసుకోవాలి: రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ చేసేది "ఆరిజిన్" అని ఉన్నది. వట్టి యూబ్లాక్ అనే పేరుతో ఉన్నదానికీ దీనికీ ఇప్పుడు సంబంధం లేదు.

మిగతా ఎక్స్‌టెన్షన్లు ఒక్కటి కూడా వద్దు. ఈరోజు మంచిదిగా ఉన్న ఎక్స్‌టెన్షన్ రేపు చేతులు మారొచ్చు. ద గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను చాలామంది ఇష్టంగా వాడేవారు. 2020లో అది వేరేవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో అందులో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందంటూ గూగుల్ దాన్ని తొలగించింది. వేసుకున్న వాళ్లకు మధ్యలో యజమాని మారిన సంగతే తెలియదు.

తర్వాత నోటిఫికేషన్లు. మూలన కనిపించే వైరస్ హెచ్చరికలు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి కావు. ఎప్పుడో ఏదో సైట్ "అలో" అని అడిగితే నొక్కేసిన ఫలితం అవి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో పర్మిషన్స్ దగ్గర నోటిఫికేషన్స్ సెట్టింగ్స్ తెరిచి, కొత్తగా ఎవరూ అడగకుండా బ్లాక్ చేసే గడిలో టిక్ పెట్టండి. పాత బ్రౌజర్‌లో కూడా వెళ్లి, ఇప్పటికే అనుమతి ఇచ్చిన సైట్లను తీసేయండి, లేకపోతే పాతది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ అవే హెచ్చరికలు పంపుతుంది. అప్పుడు నింద కొత్తదాని మీద పడుతుంది.

అదే పేజీలో హెచ్‌టీటీపీఎస్-ఓన్లీ మోడ్ ఉంటుంది, అంటే సైట్లను ఎన్‌క్రిప్షన్ ఉన్న దారిలోనే తెరవడం. దాన్ని అన్ని విండోలకూ ఆన్ చేయండి. ప్రైమరీ పాస్‌వర్డ్ అనేది ఒకటుంది, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నిటికీ వేసే తాళం లాంటిది. కంప్యూటర్ నలుగురూ వాడేదైతే తప్ప పెట్టకండి. మర్చిపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్‌కి యూబ్లాక్ ఆరిజిన్ వేయొచ్చు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే ఉండవు కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. అడ్రస్ బార్ పైన ఉండాలా కింద ఉండాలా అన్నది కస్టమైజ్‌లో మార్చొచ్చు, పాతదాంట్లో ఎలా ఉందో అలాగే పెట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్ మార్చండి. హోమ్ స్క్రీన్ మీద కూడా పాతదాని చోటే కొత్తది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌లలో లింకు నొక్కితే అది ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది, మీరు పెట్టిన బ్లాకర్ అక్కడ పనిచేయదు. "అక్కడ ఏదైనా కొనాలన్నా, పాస్‌వర్డ్ కొట్టాలన్నా ఆగి, బయటికొచ్చి ఫైర్‌ఫాక్స్‌లో తెరువు" అన్న ఒక్క మాట చెప్పి ఉంచండి.

ఏం నేర్పాలి

తక్కువ నేర్పండి. ఒక్కరోజులో పది జాగ్రత్తలు చెబితే ఒక్కటీ గుర్తుండదు, పైగా ఇంటర్నెట్ అంటేనే టెన్షన్ పట్టుకుంటుంది. మూడు సందర్భాలు చాలు.

ఒకటి, తెరంతా ఎర్రగా అయిపోయి, సైరన్ మోగుతూ, "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చేది. అది వట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే విండో మూసుకుంటుంది. రెండూ గుర్తులేకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయమనండి. ఏమీ పాడవదు, ఆ మాట గట్టిగా చెప్పండి. ట్యాబులు తిరిగి తెరుచుకునేలా పెట్టిన వాళ్లకు ఆ పేజీ మళ్లీ రావచ్చు, అప్పుడు ఆ ఒక్క ట్యాబ్ మూసేస్తే చాలు. ఇది నోటిమాటగా కాక చేతితో సాధన చేయించండి. ఏదైనా వీడియోను ఫుల్ స్క్రీన్‌లో పెట్టి ఎస్కేప్, ఆల్ట్ ఎఫ్4 వాళ్లచేతే నొక్కించండి. భయం వేసినప్పుడు బుర్ర పనిచేయదు, ముందే నొక్కి చూసిన చేయి పనిచేస్తుంది.

రెండు, "మీ బ్రౌజర్ పాతదైపోయింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేయండి" అనే పేజీ. వెబ్ పేజీలో వచ్చే ఆ మాట ఎప్పుడూ అబద్ధమే అనుకోమనండి. అసలు అప్‌డేట్ దానంతటదే వస్తుంది, వాళ్లు చేయాల్సిందల్లా వారానికోసారి బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవడం. వచ్చిన అప్‌డేట్ మళ్లీ తెరిచినప్పుడే అమల్లోకి వస్తుంది, నెలల తరబడి మూయని వాళ్లకు అది అందదు.

మూడు, ఈమధ్య పెరిగినది. "మీరు మనిషేనని నిరూపించండి" అంటూ ఒక పేజీ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఏదో పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమంటుంది. అలా చేస్తే వాళ్ల చేతులతోనే మాల్వేర్‌ను లోపలికి పిలిచినట్టు. ఏ వెబ్‌సైట్ అయినా కీబోర్డు మీద అలాంటి వరుసలు నొక్కమంటే అక్కడితో మూసేయాలి. ఈ మోసాన్ని ఏ బ్రౌజరూ పూర్తిగా ఆపలేదు కాబట్టే నేర్పాల్సిన జాబితాలో ఉంది.

తర్వాతి రెండు వారాలు

ఫోన్లు వస్తాయి. "పని చేయట్లేదు" అంటే దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి: ఏదో సైట్ మళ్లీ లాగిన్ అడిగింది, బ్లాకర్ వల్ల ఒక పేజీలో ఏదో బటన్ కదల్లేదు, లేదా బ్యాంకు సైట్ క్రోమ్ వాడమంటోంది. "ఏం కనిపిస్తోందో పైనుంచి కింద దాకా చదవండి అత్తయ్యా" అని అడిగి, ఓపిగ్గా వినండి. మధ్యలో అందుకోవద్దు.

రెండో రకానికి మందు తేలిక. పైన కుడివైపు చిన్న డాలు ఆకారంలో యూబ్లాక్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పెద్ద పవర్ బటన్ వస్తుంది, అది నొక్కి పేజీ మళ్లీ లోడ్ చేస్తే ఆ ఒక్క సైట్‌కి బ్లాకర్ ఆగుతుంది. ఇది వాళ్లకు నేర్పాలా వద్దా అన్నది మనిషిని బట్టి మీరే చూసుకోండి. ప్రతి సైట్‌లో "యాడ్ బ్లాకర్ ఆపండి" అని అడగగానే ఆపేసే మెతక స్వభావం వాళ్లదైతే, నేర్పకుండా మీకు ఫోన్ చేయమనడమే మేలు. మూడో రకానికి పాత బ్రౌజర్ ఉండనే ఉంది. ఆ ఒక్క సైట్ కోసం దాని షార్ట్‌కట్ ఒకటి "బ్యాంకుకు మాత్రమే" అనే పేరుతో డెస్క్‌టాప్ మీద పెట్టండి.

దూరం నుంచి సాయం చేయడానికి తెరను పంచుకునే యాప్‌లు శాశ్వతంగా పెట్టి ఉంచకండి. మోసగాళ్లు వాడేది కూడా అవే. వీడియో కాల్‌లో ఫోన్ కెమెరాను తెర వైపు తిప్పమంటే ఎక్కువ పనులు అయిపోతాయి. ఆ తర్వాత "తెర పంచుకోమని నేను ఎప్పుడూ అడగను. నా పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేసి నాకు చేయి" అని చెప్పగలుగుతారు.

నెల తర్వాత నచ్చలేదన్నారా, అన్నమాట ప్రకారం వెనక్కి మార్చండి. పాతది ఇంకా అప్‌డేట్లు వచ్చేదే అయితే లైట్ రూపం బ్లాకర్ వేసి, నోటిఫికేషన్లు ఆపి, బుక్‌మార్క్‌ల వరుసను అక్కడ కూడా పెట్టండి. అప్‌డేట్లు ఆగిపోయినదైతే మాత్రం బ్రేవ్ లాంటి ఇంకొకటి వేసి చూపించండి, కారణం దాచకుండా చెప్పండి.

నచ్చితే, మళ్లీ కలిసినప్పుడు చూడాల్సినవి కొన్నే. హెల్ప్, అబౌట్‌లో వెర్షన్ తాజాదా? ఎక్స్‌టెన్షన్ల పేజీలో యూబ్లాక్ కాక ఇంకేమైనా చేరిందా? యూబ్లాక్ ఆపేసిన సైట్లు ఎన్ని? పాత బ్రౌజర్ హిస్టరీలో బ్యాంకు కాక వేరేవి కనిపిస్తుంటే, ఎందుకు అటు వెళ్లాల్సి వచ్చిందో వాళ్లనే అడగండి. బహుశా బుక్‌మార్క్‌ల వరుసలో ఇంకొక సైట్ పెట్టాల్సి ఉంటుంది.